గుర్రంతో కఠినంగా ఉంటే ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

స్వారీ కొత్తగా నేర్చుకుంటున్నవారు, సొంతంగా గుర్రాన్ని పెంచుతున్నవారు, గుర్రాలతో రోజూ పని చేసేవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి రెండు మాటల్లో జవాబు సరిపోతుంది. కొన్నిటికి కాస్త ఓపిగ్గా చదవాలి.

నాలుగు తగిలించకపోతే గుర్రం మాట వింటుందా?

వింటుంది. తాడు కొద్దిగా లాగుతాం, గుర్రం ఒక అడుగు వేస్తుంది, వేసిన ఆ క్షణంలోనే తాడు వదులు చేస్తాం. తాడు వదులైనప్పుడే గుర్రానికి అర్థమవుతుంది, అడుగు వేయడం సరైన పనేనని. మడమతో డొక్కను తాకినా, పగ్గం పట్టినా ఇదే సూత్రం. అడిగిన పని చేసిన తర్వాత కూడా లాగుతూనే ఉంటే, ఏం చేస్తే ఈ బాధ ఆగుతుందో దానికి తెలియదు. అప్పుడది అటూ ఇటూ ఊగుతుంది, తల ఎగరేస్తుంది, వెనక్కి నడుస్తుంది. చాలామంది దీన్ని మొండితనం అనుకుని బలం పెంచుతారు. తప్పు జరిగేది తాడు వదిలే సమయంలో, సరిదిద్దబోయేది బలంతో.

శిక్షతో ఇంకో చిక్కుంది. తప్పు జరిగిన ఒకటి రెండు సెకన్లలోపే శిక్ష పడితే తప్ప, ఆ రెంటికీ ఉన్న సంబంధం గుర్రానికి అందదు. గుర్రం నుంచి కింద పడి, లేచి, దుమ్ము దులుపుకుని, పరిగెత్తి పట్టుకుని కొడితే దానికి అర్థమయ్యేది ఒక్కటే: ఈ మనిషి దగ్గరికొస్తే నొప్పి.

కఠినంగా ఉండటమంటే కొట్టడమేనా?

కొట్టడం పైకి కనిపించేది. కనిపించనివి ఇంకా చాలా ఉన్నాయి. కళ్ళేన్ని పదేపదే గుంజడం, ముక్కు పట్టీని ఊపిరాడనంత బిగించడం, స్పర్స్‌తో (రౌతు బూటు మడమకు ఉండే ఇనుప మొనలు) డొక్కలో పొడుస్తూనే ఉండటం, తలను ఛాతీకి ఆనేదాకా బలవంతంగా వంచి ఉంచడం, మాట విననందుకు మేత లేదా నీళ్ళు ఆపేయడం, భయపడ్డ గుర్రాన్ని కదలకుండా కట్టేసి ఆ భయపెట్టేదాన్నే దాని ముందు ఊపడం, గొంతు చించుకుని అరవడం. ఇవన్నీ కఠినత్వమే. మోయగలిగిన దానికన్నా ఎక్కువ బరువు వేయడం, కుంటుతున్న గుర్రాన్ని నడిపించడం కూడా ఇందులోకే వస్తాయి.

తలను బలవంతంగా అతిగా వంచే పద్ధతి గురించి అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య 2010లోనే స్పష్టంగా చెప్పింది, అది ఆమోదయోగ్యం కాదని. ముక్కు పట్టీకి పాత నియమం ఒకటుంది: ముక్కు ఎముకకూ పట్టీకీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. పట్టీని బాగా బిగించి చూసిన ఒక పరిశోధనలో గుర్రాల గుండె వేగం పెరిగింది, నమలడం, ఆవులించడం లాంటి మామూలు కదలికలు తగ్గిపోయాయి. నోరు తెరవకుండా బిగిస్తే గుర్రం నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి నొప్పి చెప్పుకోవడానికి దానికున్న దారిని మూసేశాం.

గుర్రం తోలు మందం కదా, దానికి అంత నొప్పి తెలుస్తుందా?

తెలుస్తుంది. ఈగ వాలితే ఆ చోట మాత్రమే చర్మం వణికించి దాన్ని తోలేయగల జంతువు ఇది. ఈగ కాళ్ళు తెలిసిన చర్మానికి కొరడా తెలియదనుకోవడం ఎలా? 2020లో ఆస్ట్రేలియా పరిశోధకులు గుర్రం చర్మాన్నీ మనిషి చర్మాన్నీ సూక్ష్మదర్శిని కింద పోల్చి చూశారు. నొప్పిని పసిగట్టే నరాల కొసలు ఉండే పై పొర గుర్రానికి మనకన్నా మందంగా లేదు. నరాల కొసలు మనకన్నా తక్కువగానూ లేవు. గుర్రం చర్మం మొత్తంగా మందమే, కానీ ఆ మందం ఉన్నది ఈ పొరకు కింద. దెబ్బ తగిలేది పైన.

నొప్పిని బయటికి చూపకపోవడం దాని స్వభావం. అది వేటాడబడే జంతువు. గాయపడ్డట్టు కనిపించినదాన్నే పులి, తోడేలు ఎంచుకుంటాయి. అందుకే గుర్రం కేకలు పెట్టదు. కుక్క కుయ్యోమంటే మన చెయ్యి ఆగుతుంది, గుర్రం మౌనంగా ఉంటే ఆగదు. ఈ మౌనం వల్ల గుర్రాలు పడ్డ బాధ ఇంతా అంతా కాదని నా నమ్మకం.

కొడితే అప్పటికప్పుడు దారికొస్తోంది. అంటే ఫలితం ఉన్నట్టే కదా?

ఒక ఉదాహరణ చూద్దాం. దారిలో ఒక ప్లాస్టిక్ పట్టా గాలికి ఎగురుతోంది. గుర్రం బెదిరి ఆగింది. రౌతు కొరడాతో రెండు అంటించాడు. గుర్రం ఒక్క ఉదుటున పట్టా దాటేసింది. రౌతు దృష్టిలో సమస్య తీరిపోయింది. గుర్రం దృష్టిలో ఏం జరిగింది? పట్టా కనిపించింది, భయమేసింది, వెంటనే నిజంగానే నొప్పి కలిగింది. అంటే ప్లాస్టిక్ పట్టా ప్రమాదకరమైనదేనని దానికి రుజువు దొరికింది. మళ్ళీ పట్టా కనిపించినప్పుడు ఇంకా దూరం నుంచే బెదురుతుంది. క్రమంగా ఆ దారి, ఆ రౌతు, చివరికి జీను వేసే సమయం కూడా భయంతో ముడిపడిపోతాయి.

భయంతో నేర్చుకున్నది గుర్రం మెదడులో చాలా కాలం నిలుస్తుంది. తర్వాత ఎంత మంచిగా నేర్పినా పాత భయం చెరిగిపోదు, దాని మీద కొత్త అనుభవం ఒక పొరలా పేరుకుంటుంది అంతే. అలసట, నొప్పి, కొత్త చోటు లాంటివి కలిసొచ్చిన రోజున ఆ పొర చీలి పాత భయం బయటపడుతుంది. ఏళ్ళ తరబడి బుద్ధిగా ఉన్న గుర్రం ఉన్నట్టుండి ఎందుకిలా చేసిందని అడిగేవారికి చాలాసార్లు జవాబు ఇక్కడే ఉంటుంది.

మా గుర్రం ఏం చేసినా కదలకుండా నిలబడుతుంది. అంటే బాగా లొంగినట్టేనా?

కావచ్చు, కాకపోవచ్చు. ఈ తేడా తెలుసుకోవడం చాలా అవసరం.

ప్రశాంతంగా ఉన్న గుర్రం చెవులు అటూ ఇటూ తిరుగుతుంటాయి. చప్పుడైతే అటు చూస్తుంది, మళ్ళీ తన పనిలో పడుతుంది. కింది పెదవి వదులుగా ఉంటుంది, ఒక వెనక కాలు సడలించి నిలబడుతుంది. మీరు దగ్గరికొస్తే తల తిప్పి వాసన చూస్తుంది. ఆశ వదులుకున్న గుర్రం వేరు. చూపు ఒకచోట నిలిచిపోతుంది, చెవులు కదలవు, పిలిచినా పట్టించుకోదు, ముట్టుకున్నా తోటి గుర్రం పక్కకొచ్చినా స్పందన ఉండదు.

1967లో మనస్తత్వ పరిశోధకులు మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద ప్రయోగాలు చేశారు. తప్పించుకునే వీలు లేకుండా విద్యుత్ షాకులు తిన్న కుక్కలు, తర్వాత తప్పించుకునే దారి ఇచ్చినా ప్రయత్నించలేదు. చాలావరకు అక్కడే పడి ఉండి షాకులు భరించాయి. ఏం చేసినా నొప్పి ఆగదని అర్థమైనప్పుడు ప్రాణి ప్రయత్నం మానేస్తుంది. దెబ్బలతో ‘లొంగిన’ గుర్రాల్లో కొన్ని ఈ స్థితిలోనే ఉంటాయి. పిల్లల స్వారీకి ఇలాంటి గుర్రాన్ని చాలా సురక్షితం అనుకుని ఇస్తుంటారు. అది మామూలుగా ఇచ్చే చిన్న హెచ్చరికలు ఇవ్వడం మానేసింది కాబట్టి, ఒకనాడు తట్టుకోలేకపోతే ముందస్తు సూచన ఏమీ ఉండదు.

కఠినత్వం వల్ల ఒంటికి ఎలాంటి నష్టం జరుగుతుంది?

నోటితో మొదలుపెడదాం. ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య పళ్ళు లేని ఖాళీ ఉంటుంది, కళ్ళెం ఇనుము అక్కడ కూర్చుంటుంది. ఆ చోట ఎముక మీద ఉండేది పల్చని కండ మాత్రమే. గుంజినప్పుడల్లా ఆ కండ ఇనుముకూ ఎముకకూ మధ్య నలుగుతుంది. పుండ్లు పడతాయి, నాలుక కోసుకుపోతుంది, కొంతకాలానికి ఎముక మీదే బొడిపెలు వస్తాయి. పొడవాటి కాడలున్న కళ్ళెం చేతి బలాన్ని కొన్ని రెట్లు పెంచి నోటికి చేరుస్తుంది. ముళ్ళున్న కళ్ళెం సంగతి చెప్పనక్కర్లేదు, దాన్ని వాడటానికి ఏ కారణమూ సరిపోదు.

తర్వాత కడుపు. గుర్రం జీర్ణాశయం మేత ఉన్నా లేకున్నా రోజంతా ఆమ్లాన్ని ఊరిస్తూనే ఉంటుంది, ఎందుకంటే రోజులో ఎక్కువ భాగం కొద్దికొద్దిగా మేస్తూ ఉండేలా అది రూపొందింది. నమిలినప్పుడు ఊరే లాలాజలమే ఆ ఆమ్లానికి విరుగుడు. మేత ఆపితే విరుగుడు ఆగుతుంది, ఆమ్లం ఆగదు. జీర్ణాశయం పైభాగానికి ఆమ్లాన్ని తట్టుకునే రక్షణ పెద్దగా లేదు. ఖాళీ కడుపుతో పరుగు తీయిస్తే పొట్ట కండరాల ఒత్తిడికి ఆమ్లం అక్కడికే ఎగజిమ్ముతుంది. అల్సర్లు అలా వస్తాయి. ఒత్తిడి, ఆకలి, తీవ్రమైన శిక్షణ మూడూ కలిసే పందెం గుర్రాల్లో ఇవి చాలా ఎక్కువ. అల్సర్ ఉన్న గుర్రం జీను పట్టీ బిగించగానే కరవబోతుంది. దానికి మళ్ళీ దెబ్బలు.

నిద్ర గురించి చాలామంది ఆలోచించరు. గుర్రం నిలబడి కునుకు తీస్తుంది కానీ, కండరాలన్నీ పూర్తిగా సడలే దశ నిద్రకు పడుకోవాల్సిందే. భద్రంగా అనిపించని చోట గుర్రం పడుకోదు. రోజుల తరబడి అలా గడిస్తే నిలబడి ఉండగానే మోకాళ్ళు జారి కూలబడుతుంది.

వీపు, కాళ్ళు కూడా దెబ్బతింటాయి. భయంతో బిగుసుకున్న కండరాలతో పరిగెత్తే గుర్రం అడుగు సరిగా పడదు, బరువు కీళ్ళ మీద తప్పుగా పడుతుంది.

గుర్రం మొండికేస్తోందా, నొప్పితో ఉందా? ఎలా చెప్పగలం?

ముందు నొప్పే అనుకోండి. అది కాదని తేలాక మిగతావి.

ముఖం చూడటం నేర్చుకోవచ్చు. 2014లో పరిశోధకులు నొప్పిని కొలవడానికి గుర్రం ముఖంలో ఆరు గుర్తులు ఎంచారు: వెనక్కి బిగుసుకున్న చెవులు, సగం మూసుకున్నట్టు ముడుచుకున్న కన్ను, కంటి పైన ఎముక పొడుచుకొచ్చినట్టు కనిపించడం, ఉబ్బి బిగిసిన దవడ కండరాలు, గట్టిగా మూసుకుని గడ్డం ముందుకొచ్చిన నోరు, సాగి బిగిసిన ముక్కు రంధ్రాలు. స్వారీ చేస్తున్నప్పుడు గమనించడానికి పశువైద్య నిపుణురాలు స్యూ డైసన్ 24 ప్రవర్తనల జాబితా రూపొందించారు. తోక విదిలించడం, నోరు తెరిచి ఉంచడం, తల పదేపదే ఎగరేయడం, అడుగు తడబడటం లాంటివి అందులో ఉన్నాయి. వీటిలో 8 లేదా అంతకన్నా ఎక్కువ కనిపిస్తే ఎముకలు, కండరాల్లో నొప్పి ఉండే అవకాశం ఎక్కువ.

జీను సరిపోతోందా, పళ్ళు పదునెక్కి బుగ్గలు కోస్తున్నాయా, లాడం సరిగా పడిందా అన్నవి కూడా చూడాలి. లాడం కొట్టేటప్పుడు కాలు ఎత్తనివ్వని గుర్రాల్లో చాలావాటికి కీళ్ళ నొప్పి ఉంటుంది. మూడు కాళ్ళ మీద నిలబడటమే వాటికి కష్టం.

మనిషికి వచ్చే ప్రమాదం ఏమిటి?

400 నుంచి 600 కిలోల జంతువు ఆలోచించకుండా కదిలితే ఏమవుతుందో అదే. గుర్రానికి భయం వేస్తే మొదటి పని పారిపోవడం. ఆ దారి మూస్తేనే తన్నడం, కరవడం, ముందరికాళ్ళు ఎత్తడం.

ఘోరమైన ప్రమాదాల్లో ఒకటి ఇలా జరుగుతుంది. రౌతు మడమలతో ముందుకు పొమ్మంటాడు, అదే సమయంలో భయంతో రెండు పగ్గాలూ వెనక్కి గుంజుతాడు. ముందుకు పోతే నోట్లో నొప్పి, ఆగితే డొక్కలో నొప్పి. గుర్రానికి మిగిలిన దిక్కు పైకి. ముందరికాళ్ళు ఎత్తి నిలబడుతుంది, రౌతు పట్టు కోసం పగ్గాలు ఇంకా లాగుతాడు, గుర్రం పట్టు తప్పి వెనక్కి, అతని మీదే పడుతుంది. తప్పు గుర్రానిదని రాసుకుంటారు.

గుర్రానికి చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర కనిపిస్తుంది. ముక్కుకు సూటిగా ఎదుట, తోక వెనక మాత్రం కనిపించదు. ఇంతకుముందు దెబ్బలు తిన్న గుర్రం వెనక ఎవరైనా హఠాత్తుగా కదిలితే ముందు తన్ని, తర్వాత చూస్తుంది. ఆ తన్ను తినేది చాలాసార్లు కొట్టినవాడు కాదు. దాణా వేయడానికి వచ్చిన మనిషి, ఆడుకుంటూ అటువైపు వెళ్ళిన పిల్లాడు.

ఎవరు ఎలా చూశారో గుర్రం గుర్తుపెట్టుకుంటుందా?

గుర్తుపెట్టుకుంటుంది. 2018లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో గుర్రాలకు మనుషుల ఫొటోలు చూపించారు, కొన్ని కోపంగా ఉన్నవి, కొన్ని నవ్వుతున్నవి. కొన్ని గంటల తర్వాత అదే మనిషి ఏ భావమూ లేని ముఖంతో ఎదురొచ్చాడు. కోపంగా చూసిన ముఖమైతే గుర్రాలు ఎడమ కంటితో ఎక్కువగా గమనించాయి. ప్రమాదం అనిపించినదాన్ని అవి ఎక్కువగా ఆ కంటితోనే చూస్తాయి. ఏ ఫొటో చూపించారో ఆ మనిషికి కూడా తెలియదు. ఒక్క ఫొటోకే ఇంత జ్ఞాపకం ఉంటే, రోజూ తినే దెబ్బల సంగతి ఊహించుకోవచ్చు.

నేను కొట్టను. కానీ కోపం, టెన్షన్ వస్తుంటాయి. అవి దానికి తెలుస్తాయా?

తెలుస్తాయి. 1900ల మొదట్లో బెర్లిన్‌లో హన్స్ అనే గుర్రం లెక్కలు చేసి డెక్కతో తట్టి జవాబు చెబుతుందని పేరు పొందింది. 1907లో మనస్తత్వ పరిశోధకుడు ఆస్కర్ ఫుంగ్‌స్ట్ పరీక్షించి అసలు విషయం తేల్చాడు. సరైన అంకె రాగానే అడిగినవారి తల, భంగిమ తెలియకుండానే రవ్వంత కదిలేవి. వాళ్ళకే తెలియని ఆ కదలికను చూసి గుర్రం తట్టడం ఆపేది. లెక్కలు రావని తేలాక జనానికి ఆసక్తి పోయింది గానీ, ఆ చూపు లెక్కలకన్నా గొప్పదని నాకనిపిస్తుంది.

2009లో స్వీడన్‌లో ఇంకో ప్రయోగం జరిగింది. గుర్రాన్ని ఒకే దారిలో పలుమార్లు నడిపించారు. చివరిసారి ముందు, ‘ఇప్పుడు గొడుగు హఠాత్తుగా తెరుస్తాం’ అని మనిషికి చెప్పారు. గొడుగు తెరవలేదు. అయినా మనిషి గుండె వేగం పెరిగింది, దానితోపాటే గుర్రానిదీ పెరిగింది. కోపం వచ్చిన రోజు తాడు ఇంకొకరికి ఇచ్చి పక్కకు వెళ్ళడం మంచి పని. పాఠం రేపు చెప్పుకోవచ్చు.

పందేల్లో కొరడా లేకపోతే గుర్రం పరిగెత్తదు కదా?

నార్వే 1982లోనే పందేల్లో వేగం కోసం కొరడా వాడటాన్ని నిషేధించింది. అక్కడ పందేలు ఆగిపోలేదు. 2011లో ప్రచురితమైన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో, గుర్రాలు అత్యధిక వేగం అందుకున్నది ముగింపుకు 600 నుంచి 400 మీటర్ల దూరంలో అని తేలింది. అప్పటికి కొరడా లేవలేదు. కొరడా ఎక్కువగా పడింది చివరి 400 మీటర్లలో, గుర్రాలు అలసిపోయి వేగం తగ్గుతున్నప్పుడు. అంటే ఇవ్వడానికి ఇక శక్తి మిగలని జంతువును కొడుతున్నాం.

పోటీల్లో కఠినత్వానికి పర్యవసానం ఏమైనా ఉందా?

ఉంది. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ మోడర్న్ పెంటాథ్లాన్‌లో (స్వారీతో కలిపి ఐదు పోటీలుండే క్రీడ), లాటరీలో వచ్చిన సెయింట్ బాయ్ అనే గుర్రం దూకడానికి మొరాయించింది. అంతకుముందే మరో రౌతుతో కూడా అది మొరాయించింది. కొత్త రౌతుకు దానితో పరిచయం చేసుకోవడానికి దొరికేది 20 నిమిషాలే. ఆధిక్యంలో ఉన్న జర్మనీ క్రీడాకారిణి ఏడుస్తూ కొరడా వాడింది, కోచ్ పిడికిలితో గుర్రాన్ని కొట్టింది. కోచ్‌ను పోటీల నుంచి తప్పించారు. చివరికి ఆ క్రీడ నుంచి స్వారీనే తొలగించాలని నిర్ణయించారు, 2024 పారిస్ దానికి ఆఖరు. అదే 2024లో, మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన బ్రిటన్ రౌతు షార్లెట్ డుజార్డిన్, శిక్షణలో గుర్రం కాళ్ళ మీద పదేపదే కొరడాతో కొట్టిన వీడియో బయటపడటంతో పారిస్ పోటీల నుంచి తప్పుకుంది. ఆమెపై ఏడాది నిషేధం పడింది.

మరి కరవడానికి వస్తే, తన్నబోతే ఊరుకోవాలా?

ఊరుకోనక్కర్లేదు. ముందు మీ ప్రాణం కాపాడుకోండి. పక్కకు జరగండి, మోచేయి అడ్డం పెట్టండి, తాడుతో దూరం చేయండి. ఆ క్షణంలో చేసింది ఆత్మరక్షణ. అర నిమిషం తర్వాత కూడా కొనసాగితే అది కోపం. తర్వాత కూర్చుని ఎందుకు కరిచిందో వెతకండి: ఎక్కడ ముట్టుకున్నారు, ఏం బిగించారు, దాని చెవులు అంతకుముందు ఎప్పటి నుంచి వెనక్కి ఉన్నాయి.

వైద్యం చేయాలంటే బలవంతం తప్పదు కదా?

ఒక్కోసారి తప్పదు. అయితే పద్ధతి ముఖ్యం. పైపెదవిని తాడుతో మెలిపెట్టి పట్టుకునే పాత పద్ధతి గురించి 2017లో ఒక పరిశోధన వచ్చింది. మొదటి ఐదు నిమిషాలూ గుర్రం నెమ్మదిస్తుంది, ఆ తర్వాత ఒత్తిడి పెరుగుతుంది. చెవిని మెలిపెడితే మాత్రం మొదటి నుంచే ఒత్తిడి, పైగా తర్వాత తల ముట్టుకోనివ్వదు. పని ఐదు నిమిషాలు దాటేలా ఉంటే డాక్టరు మత్తు సూది ఇవ్వడమే దయ. ముందుగానే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే, మెడ మీద వేలితో నొక్కడం, వెంటనే ఇష్టమైన మేత ఇవ్వడం అలవాటు చేస్తే సూది రోజున గొడవ చాలా తగ్గుతుంది.

దెబ్బలు తిన్న గుర్రం మళ్ళీ బాగుపడుతుందా?

చాలావరకు బాగుపడుతుంది. కొన్ని స్వారీకి పనికిరాకపోవచ్చు, అయినా హాయిగా బతకగలవు.

మొదట డాక్టరుతో పళ్ళు, వీపు, డెక్కలు, కడుపు చూపించండి. తర్వాత తోటి గుర్రాల సావాసం, తిరగడానికి చోటు, రోజంతా నమలడానికి గడ్డి. ఇవి లేకుండా ఏ శిక్షణా ఎక్కదు. ఆ తర్వాత దాని దగ్గరికి సూటిగా కాకుండా పక్క నుంచి, భుజం వైపుగా నడవండి. తల ఎత్తినా, బిగుసుకున్నా అక్కడే ఆగండి. అది ఊపిరి వదిలి తల దించిన వెంటనే మీరు వెనక్కి వెళ్ళండి. తను నెమ్మదిస్తే మనిషి దూరం జరుగుతాడని దానికి అర్థం కావాలి. తన మాట చెల్లుతుందన్న అనుభవం దానికి బహుశా ఇదే మొదటిసారి.

చేయి వేయడానికి మంచి చోటు జూలు ముగిసి వీపు మొదలయ్యే భాగం. గుర్రాలు ఒకదానికొకటి పళ్ళతో గోక్కునేది అక్కడే. అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుందని 1993లోనే ఫ్రాన్స్‌లో చూపించారు. మెచ్చుకోలుగా మెడ మీద చప్పుడయ్యేలా చరచడం మనకు ఇష్టం గానీ, దెబ్బలు తిన్న గుర్రానికి అది మరో దెబ్బే.

పురోగతి తిన్నగా సాగదు. వారం బాగుండి ఒకరోజు మొదటికొస్తే పద్ధతి తప్పని కాదు. ఆ రోజు రెండు మెట్లు వెనక్కి వెళ్ళి, అది చేయగలిగిన చిన్న పని అడిగి, చేయగానే వదిలేయండి.

మా శిక్షకుడే కొడతారు. ఆయనకు ఎన్నో ఏళ్ళ అనుభవం. ఏమనాలి?

అందరి ముందు తప్పు పట్టకండి, ఆయన మీద కోపం గుర్రం మీదికే మళ్ళొచ్చు. విడిగా, ప్రశ్నలా అడగండి: ‘దీని వీపు ఒకసారి డాక్టరుకు చూపిద్దామా?’ ‘నేను కొరడా లేకుండా ప్రయత్నించవచ్చా?’ చాలామంది తమకు నేర్పినట్టే నేర్పుతున్నారు, దారి చూపిస్తే మారతారు కూడా. మారకపోతే వేరే చోట నేర్చుకోండి. మీ సొంత గుర్రమైతే దాని తాడు ఎవరి చేతికివ్వాలో నిర్ణయించే హక్కు మీదే, ఎంత పెద్ద శిక్షకుడికైనా వద్దని చెప్పవచ్చు. కళ్ళముందు గాయాలు, రక్తం, నడవలేని స్థితి కనిపిస్తే మాత్రం మొహమాటపడకండి. తేదీ, సమయం రాసుకుని, వీలైతే ఫొటోలు తీసి, జంతు సంక్షేమ అధికారులకు చెప్పండి.